శిశువు ఒకటి, పనిచేస్తోంది

లోకంలో కన్నతల్లి తర్వాత అంతటి దయగలది ఏదైనా ఉందీ అంటే, అది ఆఫీసు స్టాక్ రిజిస్టరు!

నవ్వకండి. మీరంతా రూల్సుని తిట్టినవాళ్ళే. క్యూలో నిలబడి తిట్టారు, కౌంటరు మూశాక తిట్టారు, ‘ఇప్పుడే వస్తాను’ అని అట్టముక్క పెట్టి పోయినవాడి ఖాళీ కుర్చీకేసి చూస్తూ సాయంత్రం దాకా తిట్టారు. రూలుకి గుండె లేదన్నారు, కళ్ళు లేవన్నారు, చెవులసలే లేవన్నారు.

ఉన్నాయి మహాప్రభో! అడగందే అమ్మయినా పెట్టదని సామెత ఉండనే ఉంది. రూలూ అంతే. కాకపోతే దాని భాషలో అడగాలి. మనకి ఆ భాష రాక, పాపం దాన్ని ఆడిపోసుకుంటున్నాం.

ఈ వ్యాసకర్త మాట మీద నమ్మకం లేకపోతే సర్వే అమ్మాయికి జరిగిన సంగతి వినండి. విన్నాక కూడా తిట్టాలనిపిస్తే, మీ ఇష్టం, మీ నోరు.

ఒక పరిశోధన సంస్థ. పేరు ‘తల్లిపాలు మరియు శిశు మేధా వికాస సమగ్ర అధ్యయన సంస్థ’. బోర్డు ఎంత పొడుగంటే, గోడ చాలక చివరి మాట మూల తిరిగి పక్కసందులోకి వెళ్ళింది. సందులోంచి వచ్చేవాళ్ళకి ఉత్త ‘సంస్థ’ అని మాత్రమే కనిపిస్తుంది. లోపల ఏం చేస్తారో తెలియక వాళ్ళు భయపడేవారు. లోపలివాళ్ళకీ తెలియదు గానీ, వాళ్ళు అలవాటు పడ్డారు.

తల్లిపాలు తాగితే పిల్లలకి తెలివి పెరుగుతుందా? ఈ ప్రశ్న మీద ఆ సంస్థ ముప్ఫై ఏళ్ళుగా కూర్చుని ఉంది. కొంచెం పెరుగుతున్నట్టే ఉందని వాళ్ళ అనుమానం. అయితే ఆ కొంచెమూ పాల వల్ల వచ్చిందా, పాలు తాగుతూ అమ్మ మొహం చూసి కబుర్లు వినడం వల్ల వచ్చిందా, లేక ఆ అమ్మకి కూర్చునే తీరిక ఉండబట్టి వచ్చిందా అన్నది ఇంకా తేలలేదు. తేలితే సంస్థ మూసెయ్యాలి. అందుకని ఎవరికీ తొందర లేదు.

ఆ సంస్థలో ఇంటింటికీ తిరిగి తల్లుల్ని ప్రశ్నలడిగే పన్నెండు మందిలో సర్వే అమ్మాయి ఒకతె. అమ్మాయి అన్నది ఆఫీసు వాడుక. ఆమెకి ఇరవై తొమ్మిదేళ్ళు, లారీ తోలే భర్త, ఐదు నెలల కూతురు. కూతురు పుట్టినప్పుడే గుండ్రంగా పుట్టింది కనక ఇంట్లో దాన్ని ‘గుమ్మడి’ అనేవారు. కాంట్రాక్టు ఉద్యోగం. మానేస్తే మళ్ళీ దొరకదు, భర్త ఒక్కడి సంపాదనతో ఇల్లు గడవదు. అందుకని గుమ్మడికి నాలుగు నెలలు నిండగానే పిన్ని చేతిలో పెట్టి పనిలో చేరింది.

పని కష్టమైనదేం కాదు. భుజాన ఒక సంచి. సంచిలో ఒక ట్యాబు, నాలుగు ఎర్ర చెక్కదిమ్మలు, ఒక ఇత్తడి గంట, ఒక చేతి అద్దం, ఒక గుడ్డబొమ్మ, ఒక కొలత టేపు. ప్రతి వస్తువుకీ నంబరు ఉంది. నంబరు లేనిది ఆమెకి మాత్రమే.

రోజుకి ఐదు ఇళ్ళు. ప్రతి ఇంట్లో తల్లిని ఎనభై నాలుగు ప్రశ్నలడగాలి. ఆ తర్వాత బిడ్డ తెలివిని కొలవాలి. దిమ్మ చూపిస్తే అందుకుంటాడా? గంట మోగిస్తే అటు తిరుగుతాడా? అద్దంలో మొహం చూసి నవ్వుతాడా? అంతా అయ్యాక ఒక కాగితం చదవాలి. ‘అమ్మా, తల్లిపాలు బిడ్డ మెదడుకు బలం. బిడ్డ అడిగినప్పుడల్లా పాలివ్వండి. తొలి నెలల్లో బిడ్డకు దూరంగా ఉండకండి. మీ ఒడే బిడ్డకు మొదటి బడి.’

ఆమె ఈ కాగితాన్ని రోజుకి ఐదుసార్లు స్పష్టంగా చదివేది. ఆ సమయానికి అక్కడికి పద్దెనిమిది బస్‌స్టాపుల దూరంలో గుమ్మడి, పొద్దున పిండి ఉంచిన పాలు పిన్ని చెంచాతో పడుతుంటే, ఇది నా పాఠశాల కాదని మొహం తిప్పుకుంటూ ఉండేది!

ఇక ఆ ఇళ్ళ సంగతి. మచ్చుకి ఒక రిటైరైన లెక్కల మాస్టారి ఇల్లు. మనవడికి ఆరో నెల. ఉయ్యాల పైన రంగుల బొమ్మలకి బదులు ఎక్కాల చార్టు వేలాడుతోంది.

“గత ఇరవై నాలుగు గంటల్లో బాబుకి ఎన్నిసార్లు పాలిచ్చారమ్మా?” అని సర్వే అమ్మాయి కోడల్ని అడిగింది.

“పద్నాలుగు,” అన్నారు మాస్టారు.

“కోడలుగారు చెప్పాలండీ.”

“దానికి లెక్కలు రావు. పద్నాలుగు వేసుకో.”

కోడలు కిటికీ పరదా మడతలు సర్దుతోంది. ఎనభై నాలుగు ప్రశ్నలకీ మాస్టారే జవాబు చెప్పారు. కాన్పు నొప్పులు ఎంతసేపన్న ప్రశ్నకి కూడా నిమిషాలతో సహా చెప్పారు.

తర్వాత బాబుకి పరీక్ష. సర్వే అమ్మాయి వాడి ఎడమచెవి వెనకాల గంట మోగించింది. బాబు కదల్లేదు. మాస్టారు ఎడమవైపుకి జరిగి గట్టిగా దగ్గారు. బాబు అటు తిరిగాడు.

“చూశావా! తిరిగాడు!”

“మీరు దగ్గారు మాస్టారూ.”

“దగ్గితే మాత్రం? తిరిగింది వాడేగా! జవాబు ఎలా వచ్చిందని కాదు, వచ్చిందా లేదా చూడు.”

దిమ్మ ఇస్తే బాబు నోట్లో పెట్టుకున్నాడు. “ముందు పట్టుకున్నాడు, తర్వాతే నోట్లో పెట్టుకున్నాడు. పట్టుకున్నదానికి మార్కులు వెయ్యి. నోరు సిలబస్‌లో లేదు,” అన్నారు మాస్టారు.

ఇలాంటి ఇళ్ళు ఐదు తిరిగేసరికి మధ్యాహ్నం దాటేది. ఆ వేళకి సర్వే అమ్మాయి గుండెలు రాళ్ళలా బిగిసిపోయేవి. పిల్లకి అందని పాలు ఎక్కడికి పోతాయి? సంచిని భుజం మార్చుకుంటే నొప్పి, మార్చుకోకపోతే ఇంకా నొప్పి.

ఒకరోజు ధైర్యం చేసి సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళింది.

“సార్, మధ్యాహ్నం ఒక్క గంట ఇప్పిస్తే ఇంటికెళ్ళి పాపకి పాలిచ్చొస్తాను. సాయంత్రం ఇంకో గంట ఎక్కువ పనిచేస్తాను.”

సూపర్‌వైజరు చెడ్డవాడేం కాదు. వెంటనే రూల్సు పుస్తకం తీసి, వేలికి తడి చేసుకుంటూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికాడు.

“గంట అని రెండు చోట్ల ఉందమ్మా,” అన్నాడు చివరికి. “కానీ అది మోగించే గంట. పోగొడితే మెమో ఇవ్వమని ఉంది.”

“పోనీ, పాపని ఇక్కడికే తెప్పించుకుంటే? ఒక గది చూపిస్తే చాలు సార్.”

“గదులెక్కడివమ్మా! ఉన్నవే ఆరు. ఒకటి డైరెక్టరు గారిది, ఒకటి నాది, ఒకటి మీటింగులకి, ఒకటి ట్యాబులు ఛార్జింగు పెట్టుకోడానికి, ఒకటి స్టోరు, ఒకటి బ్యానర్లకి.”

“బ్యానర్ల మీద ఏముంటుంది సార్?”

“ఏముంటుంది, తల్లిపాల గురించే.”

ఆమె సంచి భుజాన వేసుకుని వచ్చేసింది.

ఆ వారంలోనే ఇస్త్రీ అక్క దగ్గరికి రెండో విడత సర్వేకి వెళ్ళవలసి వచ్చింది. రోడ్డు పక్కన చిన్న షాపు, బల్ల మీద ఇస్త్రీపెట్టె, బల్ల వెనక తెర, తెర వెనక ఏడు నెలల కొడుకు. ముప్ఫై ఒకటో ప్రశ్న దగ్గర తెర వెనకనుంచి ఏడుపు మొదలైంది.

ఏడ్చింది ఇస్త్రీ అక్క కొడుకే. ఆ సంగతి సర్వే అమ్మాయి చెవులకి తెలుసు. ఒంటికి తెలియలేదు! చూస్తూండగానే పాలు పొంగి బ్లౌజు ముందంతా తడిసిపోయింది. ఆమె గబుక్కున ట్యాబుని గుండెలకి అడ్డం పెట్టుకుంది.

ఇస్త్రీ అక్క కొడుకుని ఎత్తుకొచ్చి పాలిస్తూ, ఆమెకేసి ఎగాదిగా చూసింది.

“ఎన్నో నెల నీ బిడ్డకి?”

“ఐదు.”

“ఎక్కడుంది?”

“ఇంటి దగ్గర. మా పిన్ని చూస్తుంది.”

“పోయినసారి నాకేదో చదివావుగా? దూరంగా ఉండకు, ఒడే బడి, అదీ ఇదీ అని?”

“అది చదవాలక్కా. చదవకపోతే ఫారం పూర్తి కాదు.”

“ఎవరు రాశారట దాన్ని?”

“ఆరుగురు సార్ల కమిటీ.”

“ఆ ఆరుగురిలో పాల సంగతి తెలిసిన మొహం ఒక్కటైనా ఉందా?”

సర్వే అమ్మాయి నిజాయితీగా ఆలోచించింది. “ఒకాయన టీలో పోసుకుంటాడక్కా.”

ఇస్త్రీ అక్క ఎంత నవ్విందంటే, చంటివాడు పాలు వదిలేసి తల్లి మొహంలోకి చూశాడు. ఆమె అరలోంచి ఒక తెల్లచొక్కా తీసి ఇచ్చింది. “వేసుకో. మూడు నెలలైంది, దీని మనిషి మళ్ళీ రాలేదు. రేపు నీ పిల్లని వెంట తెచ్చుకో. ఎవరైనా కొరుక్కు తింటారా?”

మోకాళ్ళదాకా ఉన్న ఆ తెల్లచొక్కాలో సర్వే అమ్మాయి తక్కిన మూడు ఇళ్ళూ పూర్తిచేసింది. రెండిళ్ళలో ఆమెని డాక్టరనుకున్నారు. ఒక తాతగారు ఎంత చెప్పినా వినకుండా నాలుక చాపి చూపించాడు. ఆమె బాగానే ఉందని చెప్పి వచ్చింది.

పిల్లని వెంట తెచ్చుకోవడం అంటే మాటలా? ఆమె తెచ్చేది కాదు. కానీ మర్నాటి పొద్దున పిన్ని మోకాలు గుమ్మడికి పోటీ వచ్చినట్టు వాచి కూర్చుంది. “ఇవాళ నావల్ల కాదే తల్లీ. దీన్ని ఎత్తుకుంటే ఇద్దరం కలిసి పడతాం,” అంది. ఇక గత్యంతరం లేదు. సంచి ఒక భుజాన, పిల్ల ఇంకో భుజాన వేసుకుని సర్వే అమ్మాయి బస్సెక్కింది.

ఆరోజు మొదట వెళ్ళింది మాస్టారి ఇంటికే. రెండో విడత. మాస్టారు కుర్చీ లాక్కుని జవాబులకి సిద్ధంగా కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే గుమ్మడి ఆకలేసి ఆరున్నొక్క రాగం అందుకుంది.

“లోపలికి రా అక్కా,” అని కోడలు ఆమెని తన గదిలోకి తీసుకుపోయింది. మాస్టారు వెనకాలే వచ్చి, లోపల ఏం జరుగుతోందో తెలిసి, గుమ్మంలో బ్రేకు వేసినట్టు ఆగిపోయి, వెనక్కి తిరిగారు. ఆ ఇంట్లో ఆయన జవాబు చెప్పడానికి వీల్లేని చోటు అదొక్కటే!

తలుపు దగ్గరగా వేశాక కోడలు మొదటిసారి నోరు విప్పింది.

“పద్నాలుగు కాదక్కా. మూడు. నాకు పాలు చాలడం లేదు. మిగతావన్నీ డబ్బా పాలే.”

“మరి మాస్టారు?”

“ఆయనకి తెలీదు. డబ్బా ఆయన పాత లెక్కల పుస్తకాల వెనకాల దాచాం. రిటైరయ్యాక వాటి జోలికి పోలేదు.” గొంతు తగ్గించి అడిగింది. “వాడికి తెలివి తగ్గుతుందా అక్కా? రాత్రీ పగలూ అదే బెంగ. వాడు తుమ్మినా నావల్లే అనిపిస్తోంది.”

దీనికి చదవవలసిన కాగితంలో జవాబు లేదు. సర్వే అమ్మాయి గుమ్మడి తల నిమురుతోంది. ఈలోగా మాస్టారి మనవడు మంచం మీద పడుకునే చెయ్యి చాపి, గుమ్మడి కాలి మేజోడు లాగి, తన వీపు కింద పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు పైకప్పుకేసి చూశాడు.

“దొంగతనం చేసి దాచేశాడు కూడా!” అంది సర్వే అమ్మాయి. “వీడి తెలివికేం ఢోకా లేదమ్మా. అచ్చం నీ పోలికే.”

కోడలు నవ్వబోయి ఏడ్చింది, ఏడవబోయి నవ్వింది. ఆ తర్వాత ఎనభై నాలుగు ప్రశ్నలకీ తనే జవాబులు చెప్పింది.

అది మొదలు. పిన్ని మోకాలు తగ్గలేదు, గుమ్మడి బస్సెక్కడం మానలేదు. విచిత్రం ఏమిటంటే, గుమ్మడిని చూడగానే ప్రతి ఇంట్లోనూ తల్లులు నిజం చెప్పడం మొదలెట్టారు! ఒకావిడ పాలిస్తూ నిద్రపోతానంది. ఒకావిడ పిల్ల కొరికితే తనూ ఏడుస్తానంది. ఇంకొకావిడ, తను తెలివైనదాన్ని కానని అత్తగారికి తెలిసిపోతుందని, సర్వేలో అన్నీ గొప్పగా చెప్పానని ఒప్పుకుంది. వాళ్ళు చెబుతుంటే సర్వే అమ్మాయి పాలిస్తూ ఒంటిచేత్తో టిక్కులు పెట్టుకునేది.

మూడో వారం సూపర్‌వైజరు తనిఖీకి వచ్చి, ఒక ఇంటి అరుగు మీద గుమ్మడి ట్యాబు కవరు చప్పరిస్తూ ఉండగా పట్టుకున్నాడు.

“ఏమిటమ్మా ఇది?”

“మా పాప సార్.”

“పాప అని తెలుస్తోంది. నంబరు ఏదీ?”

“పాపకి నంబరేమిటి సార్?”

“ఫీల్డులోకి నంబరు లేని వస్తువు తేకూడదు. నాకు ఇష్టం లేకపోయినా రిపోర్టు రాయాలి. రేపు డైరెక్టరు గారి దగ్గరికి రండి.” ఆ మాట అంటూనే గుమ్మడి నోట్లోంచి కవరు తీయబోయాడు. గుమ్మడి వదల్లేదు. రెండు నిమిషాల పెనుగులాట తర్వాత ఆయనే వదిలేశాడు.

ఉద్యోగం పోయిందనే అనుకుంది సర్వే అమ్మాయి. మర్నాడు గుమ్మడిని ఒళ్ళో పెట్టుకుని డైరెక్టరు ఎదురుగా కూర్చుంది. పక్కనే సూపర్‌వైజరు నిలబడ్డాడు. ఆమె కాళ్ళు వణుకుతున్నాయి. గుమ్మడి అదేదో ఆట అనుకుని కిలకిలలాడింది.

డైరెక్టరు ఫారాలు తిరగేసి తలెత్తారు. “మీ పన్నెండు మందిలో పదకొండు మంది తెచ్చిన ఫారాల్లో ప్రతి తల్లీ రోజుకి పద్నాలుగు సార్లు పాలిచ్చింది, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అవి చదువుతుంటే నాకే దణ్ణం పెట్టాలనిపించింది. నీవి మాత్రమే మనుషులవిలా ఉన్నాయి. ఏం మార్చావమ్మా?”

ఆమె నోరు తెరిచేలోపు సూపర్‌వైజరు అందుకున్నాడు. “అనధికారిక పరికరం వాడిందండీ.”

“ఏ పరికరం?”

సూపర్‌వైజరు వేలెత్తి గుమ్మడిని చూపించాడు.

“ఇంత మంచి ఫలితాలిస్తుంటే అనధికారికంగా ఎందుకు ఉంచారు?” అని డైరెక్టరు కళ్ళెర్రజేశారు. “వెంటనే రిజిస్టరులో ఎక్కించండి!”

పాఠకులారా, గుండె లేదన్నారే రూలుకి! ఇక చూడండి.

స్టోర్‌కీపరు ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న పెద్దమనిషి. తెచ్చింది ఏనుగైనా, గుండుసూదైనా ఒకే దస్తూరీతో ఎక్కిస్తాడు. రిజిస్టరు తెరిచి, కలం విదిలించాడు.

“వస్తువు పేరు?”

“గుమ్మడి.”

“కూరగాయలు క్యాంటీన్ వాళ్ళు చూస్తారు.”

“ముద్దుపేరు బాబాయిగారూ. పాప.”

“శిశువు అని రాస్తాను. ఎన్ని?”

“ఒకటే.”

“తయారీదారు?”

ఆమె సిగ్గుపడింది. “నేనే. మా ఆయన కూడా.”

“ఒక్క సంతకం చాలు. స్థితి?”

గుమ్మడి ముందుకి వంగి ఆయన కళ్ళజోడు లాగేసుకుంది. ఆయన తడుముకుంటూనే ‘పనిచేస్తోంది’ అని రాశాడు. బరువు తూచాడు, పొడుగు కొలిచాడు, పళ్ళూ నడకా వాకబు చేసి రాసుకున్నాడు. నంబరు చీటీ రాసి గుమ్మడి గౌను మీద అంటించాడు. తర్వాత కళ్ళజోడు విడిపించుకుని అడిగాడు.

“పరికరాలన్నిటికీ వాడకం సూచనలు తయారీదారే రాసివ్వాలమ్మా. ఛార్జింగు ఎన్ని గంటలకోసారి, ఎలా పెట్టాలి, ఏం జాగ్రత్తలు. నువ్వు రాసిస్తే దాని ప్రకారం మేం ఏర్పాటు చెయ్యాలి. లేకపోతే పరికరం పాడయితే బాధ్యత సంస్థది.”

“నేనేం రాస్తే అది చేస్తారా?”

“మేం కాదు, రూలు చేస్తుంది.”

సర్వే అమ్మాయి ఒక్కక్షణం ఆయనకేసి చూసింది. తర్వాత కాగితం అడిగి తీసుకుని, గుమ్మడిని ఒళ్ళో సర్దుకుని, నింపాదిగా రాసింది.

‘ఈ పరికరాన్ని రెండున్నర గంటలకోసారి ఛార్జ్ చేయవలెను. అరగంటకి తక్కువ కాకూడదు. ఛార్జింగు సమయంలో ఆపరేటరు కూర్చొని ఉండవలెను. కుర్చీకి వీపు, చేతులు ఉండవలెను. గదికి ఫ్యాను, తలుపుకి లోపలి గడియ ఉండవలెను. ఎవరూ తొంగి చూడరాదు. సలహాలు ఇవ్వరాదు. పరికరమును ఎండలో, వానలో, కిక్కిరిసిన బస్సులో తిప్పరాదు. ఆపరేటరు భోజనం మానినచో పరికరం పనిచేయదు.’

గంట కావాలంటే లేదన్నారు. గది కావాలంటే లేదన్నారు. శనివారం నాటికి బ్యానర్లన్నీ మెట్ల కిందికి వెళ్ళాయి! గదిలో ఫ్యాను తిరిగింది, వీపున్న కుర్చీ వచ్చింది, తలుపుకి ఇత్తడి గడియ పడింది. తలుపు మీద ‘పరికరం ఛార్జింగులో ఉంది’ అని బోర్డు. పరికరాన్ని బస్సులో తిప్పకూడదు కాబట్టి ఆఫీసు జీపు ఇంటి ముందుకి వచ్చేది. వాన పడితే సూపర్‌వైజరు స్వయంగా గొడుగు పట్టుకుని జీపు దాకా వచ్చేవాడు. గొడుగు గుమ్మడి మీదికే. ఆపరేటరు తడిస్తే ఫరవాలేదు, ఆమె రిజిస్టరులో లేదు.

సంగతి పొక్కింది. ట్యాబుల గదిలో పనిచేసే ఆవిడ మూడు నెలల కొడుకుని దుప్పట్లో చుట్టుకుని స్టోరుకి పరిగెత్తుకొచ్చింది. ఊడ్చే ఆవిడ తన చిన్నదాన్ని తెచ్చింది. స్టోర్‌కీపరు కొత్త పేజీ తెరిచాడు. బిల్లుల గుమస్తా అయితే పద్నాలుగేళ్ళ కొడుకుని చెయ్యి పట్టి లాక్కొచ్చాడు.

“స్థితి?” అని అడిగాడు స్టోర్‌కీపరు.

గుమస్తా కొడుకుని పైనుంచి కిందికి చూసి నిట్టూర్చాడు. “పనిచేయడం లేదు.”

“అలాంటివి తీసుకోం.”

ఛార్జింగు గదిలో ముగ్గురు తల్లులు కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే, మూడు పరికరాలూ ఆ కబుర్లు వింటూ పెరిగాయి. ఆ గదిలోనే గుమ్మడి మొదటిసారి బోర్లా పడింది, మొదటిసారి కూర్చుంది, ‘అమ్మ’ అనడానికి ముందే ‘టిక్కు’ అంది. వాళ్ళ తెలివి ఎంత పెరిగిందో ఎవరూ కొలవలేదు. కొలిచేవాళ్ళంతా ఇళ్ళమీద పడి ఉన్నారు.

అలా ఏడు నెలలు గడిచి కాంట్రాక్టు పూర్తయింది. సర్వే అమ్మాయి సామాను అప్పగించడానికి స్టోరుకి వెళ్ళింది. గుమ్మడి ఆమె వేలు పట్టుకుని తప్పటడుగులు వేస్తూ వచ్చింది.

స్టోర్‌కీపరు ఒక్కొక్కటే టిక్కు పెట్టుకున్నాడు. ట్యాబు వచ్చింది. గంట వచ్చింది. అద్దం వచ్చింది. దిమ్మలు నాలుగూ వచ్చాయి, ఒకదాని మీద పంటిగాట్లున్నాయి. “శిశువు, ఒకటి,” అని చదివి చెయ్యి చాపాడు.

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

“బాబాయిగారూ, ఇది నా కూతురు.”

“తెలుసమ్మా. కానీ రిజిస్టరులో ఉంది. రిజిస్టరులో ఉన్నది స్టోరులోకి రావాలి.” ఆయన గొంతు ఇబ్బందిగా ఉంది. “అప్పగిస్తే మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చు. ఏడు పనిదినాల్లో తిరిగి ఇస్తారు.”

“ఏడు రోజులు నా పిల్లని అరలో పెడతారా?”

సూపర్‌వైజరు వచ్చాడు. రూల్సు పుస్తకం తీశాడు. పోయిందని రాస్తే పోలీసు ఫిర్యాదు జతచెయ్యాలట. విరిగిందని రాస్తే విచారణట. అరిగిపోయిందని రాస్తే కమిటీ వచ్చి చూడాలట, ఆ కమిటీ ఏడాదికి ఒకసారి కూర్చుంటుందట. సర్వే అమ్మాయి గుమ్మడిని ఎత్తుకుని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. నవ్వులాట మొహం కాదది. అవసరమైతే కిటికీలోంచి దూకేలా ఉంది.

“ఒక్క నిమిషం,” అంది హఠాత్తుగా. “మీరు ఇచ్చిన వస్తువు వివరాలు పైకి చదవండి.”

స్టోర్‌కీపరు వేలు పెట్టి చదివాడు. “శిశువు, ఒకటి. బరువు ఆరున్నర కిలోలు. పొడుగు అరవై నాలుగు సెంటీమీటర్లు. పళ్ళు లేవు. కూర్చోలేదు. నడవలేదు.”

“దీన్ని తూచండి.”

తూచాడు. తొమ్మిది కిలోలు. కొలత టేపు పట్టాడు. డెబ్భై నాలుగు. నోరు తెరిపించి చూశాడు. గుమ్మడి ఆయన వేలు కొరికింది. పళ్ళు నాలుగు.

స్టోర్‌కీపరు రిజిస్టరుకేసి, గుమ్మడికేసి, మళ్ళీ రిజిస్టరుకేసి చూశాడు.  “ఇది మా వస్తువు కాదు!” అన్నాడు ఊపిరి పీల్చుకుంటూ. “ఒక్క కొలతా కలవడం లేదు. దీన్ని నేను తీసుకోను. తీసుకెళ్ళిపో తల్లీ.”

“మరి ఆ పాత శిశువు?” అన్నాడు సూపర్‌వైజరు. “ఎక్కడుందని రాస్తారు?”

స్టోర్‌కీపరు కలం విదిలించాడు. తర్వాత, ముప్ఫై ఏళ్ళుగా ఏ గడిలోనూ రాయని మాట ఒకటి రాశాడు. ‘పెరిగిపోయింది. అదే సైజు మళ్ళీ దొరకదు.’ రాసి, అద్దుడు కాగితం అద్ది, “మా అమ్మాయి ఆరున్నర కిలోలు ఎప్పుడు ఉందో నాకు గుర్తే లేదమ్మా. నేను ఇక్కడే ఉన్నాను,” అన్నాడు.

 సర్వే అమ్మాయి గుమ్మడి గౌను మీద రోజూ మార్చి అంటించే నంబరు చీటీ పీకి బల్లమీద పెట్టి, కూతుర్ని చంకనేసుకుని వెళ్ళిపోయింది.

చూశారా రూలు దయ? ఆ తలుపు, ఆ కుర్చీ, ఆ ఫ్యాను, ఆ అరగంట, అన్నీ ఆ బిల్డింగులో మొదటినుంచీ ఉన్నాయి. బిడ్డ మనిషిగా ఉన్నన్నాళ్ళూ దొరకలేదు. తప్పు బిడ్డది!

ఆ మధ్యాహ్నమే సూపర్‌వైజరు స్టోరు కిటికీ దగ్గరికి మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో పుస్తకం లేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

“మా ఆవిడకి పోయిన నెల పాప పుట్టింది. సోమవారం డ్యూటీలో చేరాలిట. పాపని ఏ పేజీలో ఎక్కిస్తారు?”

“మీ ఆవిడ పనిచేసేది వేరే ఆఫీసులో కదా సార్? అక్కడి స్టోరులో అడగమనండి.”

సూపర్‌వైజరు కిటికీ ఊచ పట్టుకున్నాడు.

“అడిగింది,” అన్నాడు. “వాళ్ళకి స్టోరు లేదట.”